మన 65 నంబరు రోడ్డు ఆగేచోట: పిల్లలతో రెండు రోజుల బందరు యాత్ర

నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకు హైవే అంటే ఒకటే రోడ్డు. నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65 నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లు ఇప్పటికీ 9వ నంబరు రోడ్డు అనే అంటారు. ఒకసారి మా అమ్మాయి "నాన్నా, ఈ రోడ్డు ఎందాక పోతది?" అని అడిగితే, అలవాటుగా "విజయవాడ" అనేశాను. తప్పు చెప్పాను. పుణెలో మొదలైన ఈ రోడ్డు విజయవాడ దాటి ఇంకో 70 కిలోమీటర్లు పోయి మచిలీపట్నంలో, అంటే బందరులో ఆగుతుంది.

ఆ సంక్రాంతి దాటాక మా అమ్మను, ఇద్దరు పిల్లలను కారులో ఎక్కించుకుని వెళ్లొచ్చాం. తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాం. సముద్రం అనగానే మనవాళ్లు విశాఖ, గోవా, లేదంటే చెన్నై అంటారు. బందరులో ఆ హంగులేవీ లేవు, ముందే చెబుతున్నాను. ఐస్‌క్రీం బండ్ల వరుసలు, రోప్‌వేలు, పెద్ద అక్వేరియంలు కావాలంటే విశాఖే మేలు. ఇంటి ముందు రోడ్డు పట్టుకుని, మన నీళ్లు ఏ సముద్రంలో కలుస్తున్నాయో పిల్లలకు చూపించాలనుకుంటే మాత్రం బందరే సరైన ఊరు.

ముందుగా: ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు వెళ్లకూడదు

డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం. వానాకాలంలో రోడ్డుకే నమ్మకం లేదు. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లో వరదనీరు వచ్చి నందిగామ వైపు ఇదే రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఎండాకాలం బందరు ఉక్కపోత మనకు అలవాటు లేనిది. మన ఎండ మాడుస్తుంది, అక్కడి ఎండ ఉడకబెడుతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. సంక్రాంతికి ముందు మూడు రోజులు ఈ రోడ్డు ఎక్కకండి. హైదరాబాద్ మొత్తం టోల్‌గేట్ల దగ్గరే ఉంటుంది. కార్తీక పౌర్ణమికి బందరు దగ్గరి మంగినపూడి తీరానికి సముద్ర స్నానాల కోసం జనం పోటెత్తుతారు. భక్తితో పోయేవాళ్ల సంగతి వేరు, చిన్నపిల్లలతో సరదాగా పోయేవాళ్లు ఆ రోజు మానుకోవడం మంచిది.

దారి: ఎలా వెళ్లాలి, దారిలో పిల్లలకు ఏం చూపించాలి

నల్లగొండ నుంచి నకిరేకల్ మీదుగా రమారమి 260 కిలోమీటర్లు. పిల్లలతో ఆగుతూ పోతే ఆరు గంటలు వేసుకోండి. తెల్లవారి ఐదున్నరకు బయల్దేరితే టిఫిన్ వేళకు సూర్యాపేట దాటి ఉంటారు. మహబూబ్‌నగర్ వాళ్లు హైదరాబాద్ చుట్టి రానక్కర్లేదు. 167 నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దాటి వస్తే నేరుగా కోదాడలో 65 మీదకే ఎక్కుతారు. సొంత బండి లేకపోతే బస్సులోనో రైల్లోనో ముందు విజయవాడ చేరండి. అక్కడి నెహ్రూ బస్టాండు నుంచి బందరుకు బస్సులకు కొదవ లేదు. గుడివాడ, పెడన మీదుగా రైలు కూడా ఉంది, బందరు స్టేషనుతో ఆ పట్టాలు అయిపోతాయి. రైలు ఆగిపోయే ఆఖరి స్టేషను చూడటం మా అబ్బాయికి సముద్రం చూసినంత సంబరం.

దారిలో పిల్లలు ఫోన్లలో మునిగిపోకుండా మేం ఒక పని పెట్టాం. ఒక తెల్లకాగితం మీద కృష్ణానది గీసి ఇచ్చి, దారిలో తగిలే ప్రతి ఏరూ దాన్ని ఎక్కడ కలుస్తుందో గీయమన్నాం. సూర్యాపేట ముందు మూసీ వంతెన వస్తుంది. ఆ మూసీ మన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కోదాడ దాటాక రాష్ట్రం సరిహద్దులో పాలేరు, నందిగామ దాటాక మునేరు. అన్నీ కృష్ణలో కలిసేవే. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ చూపించి, "మన సాగర్ నుంచి కిందికి వదిలిన నీళ్లే ఇవి" అంటే పిల్లలు కాసేపు నమ్మరు. మా అమ్మ అయితే కారు దిగి రెండు చేతులా దండం పెట్టుకుంది.

విజయవాడలో బెంజి సర్కిల్ దాటి పోయేదంతా బందరు రోడ్డే, ఊళ్లో వాళ్లు పిలిచే పేరూ అదే. అక్కడి నుంచి నేల తీరు మారిపోతుంది. గుట్టలు, రాళ్లు మాయమై, ఎటు చూసినా వరి పొలాలు, బందరు కాలువ, కొబ్బరి చెట్లు. "ఇక్కడ ఒక్క బండరాయి కూడ లేదేంది?" అని మా అమ్మాయి అడిగింది. గుట్టల మధ్య పెరిగిన నల్లగొండ పిల్ల అడగాల్సిన ప్రశ్నే. ఇది వేల ఏళ్లుగా కృష్ణ తెచ్చి పరిచిన ఒండ్రు. మన వైపు కోసుకుపోయిన మట్టి కూడా అందులో ఉందని చెప్పాను.

పామర్రు దగ్గర చల్లపల్లి దారిలోకి తిరిగితే కొద్ది దూరంలోనే కూచిపూడి. నాట్యం నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే తప్పకుండా ఆగండి. సిద్ధేంద్రయోగి పేరుతో కళాపీఠం ఉంది, ఊరంతా నాట్యం వాతావరణమే. పక్కనే క్షేత్రయ్య ఊరు మొవ్వ. నాట్యం మీద ఆసక్తి లేని పిల్లలైతే ఇక్కడ గంట గడపడం కూడా కష్టమే, నేరుగా బందరు పోవచ్చు.

మొదటి సాయంత్రం: గుడి, లడ్డు, అంతే

మధ్యాహ్నానికి బందరు చేరగానే సముద్రం దగ్గరికి పరుగెత్తొద్దు. మేం మొదటిసారి చేసిన తప్పు అదే. ఆరు గంటల ప్రయాణం చేసిన పిల్లలు, మిట్టమధ్యాహ్నం ఎండ, మెరిసే నీళ్లు. అరగంటలో తలనొప్పి, ఏడుపు. సముద్రాన్ని మర్నాడు పొద్దుటికి ఉంచుకోండి.

బస ఊళ్లోనే, కోనేరు సెంటర్, బస్టాండు చుట్టుపక్కల చూసుకోండి. మామూలు లాడ్జీలు, కొన్ని ఏసీ హోటళ్లు ఉన్నాయి. అంతకన్నా సౌకర్యం కావాలంటే విజయవాడలో దిగడమే దారి. కానీ అప్పుడు సూర్యోదయం పోతుంది. గది తీసుకునే ముందు నీళ్లు చూడండి. తీరం ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉండొచ్చు, తాగడానికి వేరే తెచ్చుకోవాలి. నీళ్ల సంగతి నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదనుకోండి.

సాయంత్రం చిలకలపూడి పాండురంగస్వామి గుడికి వెళ్లండి. పండరీపురం విఠలుడి మీద భక్తితో నరసింహం అనే భక్తుడు 1929లో నిలబెట్టిన గుడి ఇది. మన వైపు పండరి భజనలు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు ఈ గుడి బాగా నచ్చుతుంది. విశాలమైన ఆవరణ కాబట్టి పిల్లలు కాళ్లు సాగదీసుకుంటారు. చిలకలపూడికి ఇంకో పేరూ ఉంది. బంగారు పూత నగలకు ఇది పెట్టింది పేరు. ఎవరైనా మరీ ధగధగలాడే గాజులు వేసుకుంటే "చిలకలపూడి సరుకా?" అని ఎగతాళి చేయడం మీరూ వినే ఉంటారు. ఎగతాళి సంగతేమో గానీ, పెళ్లిళ్లకు పిల్లలకు వేయడానికి ఆ నగలు బాగుంటాయి, పోయినా గుండె జారదు.

ఇక లడ్డు. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం ఇంట్లో చేసే బూందీ లడ్డుకూ దీనికీ పోలిక లేదు. శనగపిండిని ముందు కారప్పూసలా నూనెలో వేయించి, దాన్ని రోట్లో మెత్తగా దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి, నెయ్యి వేస్తూ మళ్లీ దంచుతారు. అందుకే దీన్ని తొక్కుడు లడ్డు అని కూడా అంటారు. ఎప్పుడో బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడిన బొందిలీలు ఈ విద్య తెచ్చారని ఊళ్లో చెబుతారు. పళ్లు లేని మా అమ్మ రెండు తిన్నది. పక్కనే నల్లగా నిగనిగలాడే బందరు హల్వా కూడా ఉంటుంది, గోధుమ పాలతో చేసేది. రుచి చూడకుండా కిలోలు కొనకండి. నెయ్యి ఎక్కువ, పిల్లలకు ఒక ముక్క చాలు.

రెండో రోజు తెల్లవారుజామున: మంగినపూడి

ఊరి నుంచి 11 కిలోమీటర్లు. చలికాలంలో ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు పైకి వస్తాడు కాబట్టి ఐదున్నరకల్లా పిల్లలను లేపండి. తూర్పు తీరం గనక సూర్యుడు నేరుగా నీళ్లలోంచే లేస్తాడు. ఈ ఒక్క అరగంట కోసం ఈ యాత్ర మొత్తం పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఇసుక పసుపుపచ్చగా ఉండదు. కృష్ణ తెచ్చిన నల్లమట్టి కలిసి తీరమే నల్లబారి ఉంటుంది. ఫోటోల్లో చూసే బీచ్‌లను ఊహించుకుని వచ్చినవాళ్లు ముఖం చిట్లిస్తారు. మన పిల్లలకు మాత్రం వానపడ్డ నల్లరేగడి చేను గుర్తొచ్చింది. తీరం వాలు తక్కువ, చాలా దూరం దాకా నీళ్లు లోతు ఉండవు. అలలు కూడా విశాఖలోలా ఎత్తి కొట్టవు. సముద్రం ఎన్నడూ చూడని పిల్లలను మొదటిసారి దింపడానికి ఈ తీరం నయం.

నయం అన్నాను గానీ, సముద్రం సముద్రమే. మేం పాటించే పద్ధతి ఇది. పిల్లలకు మోకాళ్ల దాకా, పెద్దలకు నడుము దాకా, అంతకు మించి ఎవరూ పోకూడదు. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. ఫోటోలు తీసేవాళ్లు ఒడ్డునే నిలబడాలి. చెరువుల్లో, బావుల్లో ఈత వచ్చినవాళ్లకే ధైర్యం ఎక్కువ, ముఖ్యంగా మామయ్యలకు. వెనక్కి లాగే అల ముందు బావి ఈత పనికిరాదని వాళ్లకు ముందే చెప్పండి. గాలి ఎక్కువగా ఉంటే, తుపాను హెచ్చరిక ఉంటే ఒడ్డున నడిచి వచ్చేయండి.

చెప్పులు బండిలోనే వదలండి, నల్లమట్టి మింగేస్తుంది. నా చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది. బండిని కూడా నీళ్ల దగ్గరి దాకా తీసుకుపోవద్దు. రెండోసారి వెళ్లినప్పుడు నేను తెలివిమీరి ఇంకాస్త ముందుకు పోనిచ్చాను, చక్రాలు దిగబడ్డాయి. నలుగురు జాలర్లు వచ్చి ఎత్తి తోసేదాకా అక్కడే. డబ్బులిస్తే తీసుకోలేదు, మేం తెచ్చుకున్న సకినాలు మాత్రం తీసుకున్నారు.

స్నానాలు అయ్యాక దగ్గర్లోనే దత్తాశ్రమం ఉంది, నీడ ఉన్న ప్రశాంతమైన చోటు, పెద్దవాళ్లు కాసేపు కూర్చోవచ్చు. ఆ చుట్టుపక్కలే దీపస్తంభం కనిపిస్తుంది. ఈ తీరంలో 2023 నుంచి కొత్త రేవు పనులు నడుస్తున్నాయి. మూడు వందల ఏళ్ల కింద ఓడలతో కళకళలాడి, ఆపై మూలపడ్డ రేవు మళ్లీ లేస్తోందన్నమాట. పది దాటకముందే గదికి వచ్చేయండి. ఉప్పునీటి స్నానం చేసిన పిల్లలకు ఆకలి మామూలుగా ఉండదు.

టిఫిన్ తర్వాత: డచ్చి సమాధులు, కోట

పిల్లలకు సమాధులా అని మా ఆవిడ మొదట అభ్యంతరం చెప్పింది. తీరా వెళ్లాక అందరికన్నా ఎక్కువసేపు అక్కడే ఉన్నది తనే. డచ్చివాళ్ల శ్మశానం ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. నేల మీద పరిచిన పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద లోతుగా చెక్కిన అక్షరాలు, కుటుంబ చిహ్నాలు, పువ్వులు. 17, 18 శతాబ్దాల్లో ఓడ దిగి, తిరిగి ఇంటికి పోలేకపోయిన వర్తకులు, వాళ్ల భార్యలు, పసిపిల్లలు. పలకల మీద ఎక్కవద్దని, గీతలు గీయవద్దని ముందే చెప్పి, అంకెలు వెతకమనండి. పుట్టిన ఏడు, పోయిన ఏడు కనిపెట్టి తీసివేతలు చేయడం ఎనిమిదేళ్ల పిల్లలకు మంచి ఆట. మా అబ్బాయి ఒకచోట లెక్క కట్టి, "నాకంటె చిన్నోడు" అని ఊరుకున్నాడు.

కథ చెప్పాల్సింది ఇక్కడే. బందరు గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం. బందర్ అంటే పారశీకంలో రేవు. తెలంగాణ లోపలి నుంచి, కృష్ణా తీరం గనుల నుంచి బట్టలు, వజ్రాలు ఎడ్లబండ్ల మీద, పెరికెద్దుల మీద ఇక్కడికి చేరి ఓడలెక్కేవి. వాటికోసమే డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు. 1759లో ఇంగ్లీషు సైన్యం ఫ్రెంచివాళ్ల చేతిలోంచి ఈ ఊరిని గెలుచుకుంటే, హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్ దీన్ని వాళ్లకే రాసిచ్చాడు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుపానులో, ఉప్పెనలో దాదాపు 30 వేల మంది చనిపోయారు. చిన్నపిల్లలకు ఆ సంఖ్య చెప్పనక్కర్లేదు. పెద్ద పిల్లలకు చెప్పండి, ఒక మహా రేవు ఎలా చిన్న ఊరైందో అర్థమవుతుంది.

బందరు కోట గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. గోల్కొండ, భువనగిరి చూసిన కళ్లకు ఇది కోటలా అనిపించదు. కొండ లేదు, బురుజుల వరుస లేదు. పొదల మధ్య మందపాటి గోడలు, పాత కట్టడాల మొండాలు మిగిలాయి. పదిహేను నిమిషాలు చాలు. పిల్లలను గోడలు ఎక్కనివ్వొద్దు, పాములుంటాయన్న భయంతో పొదల్లోకీ పోనివ్వొద్దు. ఆ దారినే ముందుకు పోతే గిలకలదిండి చేపల రేవు. పడవలు వచ్చే వేళైతే కోట కన్నా అదే బాగుంటుంది. వాసన పడని పిల్లలుంటే మాత్రం కిటికీలు ఎత్తుకుని వెనక్కి తిరగండి.

పెడన: తొందరపడకూడని చోటు

బందరు నుంచి పది కిలోమీటర్ల దూరంలో పెడన. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, కనీసం రెండు గంటలు ఇవ్వండి. కలంకారీలో రెండు దారులున్నాయి. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. కలం, కారీ రెండూ పారశీకం మాటలే. గోల్కొండ నవాబుల కాలంలో పారశీక అభిరుచికి తగ్గట్టు పెరిగిన పని కాబట్టి తీగలు, పూలు, చెట్లే ఎక్కువగా కనిపిస్తాయి, దేవుళ్ల కథలు తక్కువ.

పని జరిగే షెడ్డులోకి వెళ్లే ముందు యజమానిని అడగండి, సాధారణంగా కాదనరు. పిల్లలను అచ్చు వేసే బల్లకు ఆనుకోనివ్వకండి, ఒక్క కదలికకు బట్ట పాడవుతుంది. చూడాల్సిన వరస ఇది. ముందు తెల్లబట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లే నల్ల రంగు. అచ్చు వేసేటప్పుడు అది పాలిపోయినట్టు ఉండి, కరక్కాయ తగిలిన బట్ట మీద కళ్లముందే నల్లబడుతుంది. పిల్లలు నోరు తెరిచేది ఇక్కడే. ఎర్ర రంగు రావాల్సిన చోట పటిక కలిపిన ద్రవంతో అచ్చు వేస్తారు. ఆ తర్వాత పారే నీళ్లలో ఉతికి, రాగి బానల్లో రంగుతో ఉడికిస్తే, పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఇంటికొచ్చాక ఒక తుప్పు మేకు, బెల్లం, కరక్కాయ పొడి ఇస్తే సెలవుల్లో వారం రోజుల సైన్స్ ప్రాజెక్టు.

పోచంపల్లి, పుట్టపాక మగ్గాలు చూసిన పిల్లలైతే ఒక ప్రశ్న వేయండి: మన దగ్గర రంగు ముందా, నేత ముందా? మనవాళ్లు నూలుకు ముడులు కట్టి, రంగు వేసి, అప్పుడు నేస్తారు. ఇక్కడ నేసిన బట్ట మీద రంగు వేస్తారు. పుట్టపాక తేలియా రుమాలు, పెడన కలంకారీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

కొనేటప్పుడు ఒక మాట. కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింట్లు, రసాయన రంగులవి బోలెడు అమ్ముతున్నారు. అవి చౌక, వాటినీ కొనుక్కోవచ్చు, కానీ తెలిసి కొనండి. చేతి అచ్చు బట్టలో పువ్వుకూ పువ్వుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది, గీతలు అక్కడక్కడా పూర్తిగా కలవవు. మరీ అచ్చుగుద్దినట్టు ఉంటే అది చేత్తో అచ్చు గుద్దింది కాదన్నమాట!

ఇంకో పూట ఉంటే: హంసలదీవి

తంగడి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి జూరాల, సోమశిల, సాగర్, మట్టపల్లి దాటి వచ్చిన కృష్ణ, అవనిగడ్డ అవతల హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాలమూరు వాళ్లకూ నల్లగొండ వాళ్లకూ ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు. వేణుగోపాలస్వామి గుడి చూసుకుని, అక్కడి నుంచి సంగమం వైపు వెళ్లాలి. గుడి దగ్గర దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. సంగమం దగ్గర నీళ్లలోకి పిల్లలను అసలు దింపొద్దు, నది, సముద్రం లాగులాడుకునే చోటు అది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఈ నేల మీదే వచ్చింది. ఐదేళ్లలోపు పిల్లలుంటే ఈ పూటను నిస్సంకోచంగా వదిలేయండి, దూరం ఎక్కువ, దారిలో నీడ తక్కువ.

వెళ్తే మాత్రం తిరుగు దారిలో చల్లపల్లి దగ్గరి ఘంటసాలలో ఆగండి. పాత బౌద్ధ స్తూపం ఉంది. దీని పాత పేరు కంటకసేల, మన సాగర్ దగ్గరి నాగార్జునకొండ శాసనంలో ఆ పేరు కనిపిస్తుంది. మన ఫణిగిరి బౌద్ధ స్తూపం చూసి ఉన్న పిల్లలు ఆ ఇటుకల చక్రాన్ని వెంటనే గుర్తుపడతారు.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం రెండు లోపే బందరు వదలండి. సాయంత్రం ఆరు, ఏడు మధ్య విజయవాడ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ టెన్షన్‌తో రెండు రోజుల హాయీ పోతుంది. లడ్డు డబ్బాను వెనక సీట్లో పిల్లల చేతికి అందేలా పెట్టకండి. మాది సూర్యాపేట వచ్చేసరికి సగం ఖాళీ.